మిద్దె మీద భూస్వామి

బెంగళూరు యలహంక న్యూటౌన్‌లో ఇలాంటి మనిషి అపార్ట్‌మెంటుకు ఒకరైనా ఉంటారు. ఒళ్లు మాన్యతా టెక్ పార్కులో, మనసు మిద్దె మీద. సొంతూరు మదనపల్లె దగ్గర. నాయన బతికినన్నాళ్లూ టమాటా పెట్టి, రేటు పడిపోయిన ఏడాది ట్రాలీలకు ట్రాలీలు రోడ్డు పక్కన పారబోసిన రైతు. కొడుకు ఆ చేను అమ్మి ఇక్కడ ఫ్లాటుకు అడ్వాన్సు కట్టారు. ఇప్పుడు ఆ ఫ్లాటు పైకెక్కి గ్రోబ్యాగుల్లో టమాటా పెడుతున్నారు.

పొరపాటున ఆయన ముందు "టమాటా" అనకండి. "ఏ రకం?" అని అడుగుతారు, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగే పెద్దమనిషిలా. మనం మార్కెట్లో కొనేవాటికి గోత్రం లేదు. ఆయనవి హెయిర్‌లూమ్, అందులోనూ బీఫ్‌స్టేక్ జాతి. ఒక్కో కాయ అరకిలో తూగుతుంది. మామూలు టమాటా కోస్తే రెండు మూడు గదులు, ఇందులో లెక్కలేనన్ని. గింజ తక్కువ, కండ ఎక్కువ. విత్తనం దాచుకుంటే తల్లి లాంటి పిల్లే పుడుతుంది, హైబ్రిడ్‌కు ఆ నియమం లేదు. ఇదంతా మనం అడగకముందే చెబుతారు.

తన ముత్తాత పేరు చెప్పమంటే అమ్మ వైపు చూస్తారు గానీ, చెరోకీ పర్పుల్ వంశవృక్షం కంఠతా వచ్చు. 1990లో టెన్నెసీ నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన ఉత్తరంతో పాటు గింజలు పంపడం, క్రెయిగ్ లెహూలియర్ వాటిని పెంచి ఆ పేరు పెట్టడం, అంతకు నూరేళ్ల ముందు చెరోకీలు ఎవరికో ఇచ్చారన్న కథ. అన్నిటికన్నా ఆయనకు ప్రాణం మాత్రం మార్ట్‌గేజ్ లిఫ్టర్. వెస్ట్ వర్జీనియాలో రేడియేటర్లు బాగుచేసే చార్లీ బైల్స్, పెద్ద పెద్ద రకాలను సంకరం చేసి ఈ రకాన్ని తీశాడు. నారు మొక్క డాలరు చొప్పున అమ్మి, 1940లలో ఆరేళ్లకల్లా ఆరు వేల డాలర్ల ఇంటి అప్పు తీర్చేశాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన కళ్లు చెమర్చుతాయి. ఆయన ఇంటి ఈఎంఐ ఇంకా పద్నాలుగేళ్లుంది మరి.

సేద్యం కూడా సామాన్యంగా ఉండదు. టమాటా పూత తనంతట తాను పుప్పొడి అందుకుంటుంది, కాస్త అదిరితే చాలు. గాలి ఆ పని చేస్తుంది, తుమ్మెద చేస్తుంది. ఆయనకు వాటి మీద నమ్మకం లేదు. పొద్దున్నే బ్యాటరీ టూత్‌బ్రష్ పట్టుకుని పూవుపూవుకూ పళ్లు తోముతారు. గింజల చుట్టూ ఉండే జిగురు పోవాలని గుజ్జును మూడు రోజులు సీసాలో పులియబెడతారు. సీసా వంటింట్లో ఉంటుంది, భార్య ఉండదు. మిద్దె కారుతోందని అసోసియేషన్ వాళ్లు నోటీసు ఇస్తే, జవాబులో కోకోపిట్ బరువెంతో లెక్కగట్టి పంపుతారు.

నిజం చెప్పాలంటే ఆయన చోటును తప్పుపట్టలేం. రాత్రి వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు, ఎండాకాలం విజయవాడలో ఈ వేషాలు సాగవు. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న యలహంకలో సెప్టెంబరులో నారు పోస్తే సంక్రాంతి తర్వాత కాయ వస్తుంది. సరిగ్గా ఏరో ఇండియా వేళకు. విమానాలకు గద్దలు అడ్డుపడకుండా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టూ మాంసం దుకాణాలు మూయిస్తారు కదా, 2023లో పది కిలోమీటర్ల మేర మూయించారు. అప్పుడు ఆయన లిఫ్టులో కనిపించిన ప్రతివాడితోనూ "ప్రస్తుతం యలహంకలో బీఫ్‌స్టేక్ దొరికేది మా ఇంట్లోనే" అంటారు. రెండేళ్లకోసారి ఎయిర్ షో, రెండేళ్లకోసారి ఈ జోకు.

అదే 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. అపార్ట్‌మెంటంతా ఆశగా మిద్దె వైపు చూసింది. తెల్లదోమ తెచ్చిన ముడత తెగులుతో ఆయన మొక్కలన్నీ పిడికిళ్లు బిగించుకుని ఉన్నాయి. ఊళ్లో చేను కొన్నాయన మాత్రం ఆ నెల కొత్త ట్రాక్టరు తీసుకున్నాడని కబురొచ్చింది.

పక్కనే హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ ఉంది. ముడత వైరస్, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు, మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్‌ను అక్కడే 2010లో విడుదల చేశారు. ఆ మాటెత్తితే ముక్కు చిట్లిస్తారు. "హైబ్రిడ్ అండీ" అంటారు, కులం తక్కువ సంబంధం తెచ్చినట్టు ముఖం పెట్టి. మా వాచ్‌మన్ జీకేవీకే కృషి మేళా నుంచి ఆ నారే తెచ్చి, సంపు పక్కన పెయింటు డబ్బాల్లో నాటాడు. గుత్తులు గుత్తులుగా కాసింది. మిద్దె యజమాని గారి ఇంట్లో రసం దేనితో కాగుతోందో నాకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు, వాచ్‌మన్ భార్యకు తెలుసు.

ఈ ఫిబ్రవరిలో ఒక బ్రాండీవైన్ రకం టమాటా పండింది. నాలుగు వందల ఎనభై గ్రాములు. నలుగురినీ పిలిచి, చక్రాలుగా కోసి, ఉప్పూ మిరియాలూ చల్లి తలా ఒక ముక్క పెట్టారు. బాగుంది, అబద్ధమెందుకు. మిగిలిన సగం ఆయన అమ్మ పప్పులో వేసింది. భోజనాల దగ్గర ఆమె ఒక ముద్ద తిని ఆగింది.

"ఏమిరా, పులుపే లేదే ఈ కాయలో. చింతపండు పిసికితే గానీ పప్పు నోట్లోకి పోలేదు. మన చేలో మడతలు మడతలుగా కాసేది చూడు, రెండు కాయలేస్తే కుండ పప్పు పుల్లబడేది. మీ అవ్వ గింజలు బూడిదలో రుద్ది ఏటేటా మూటగట్టి పెట్టేది గదా."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏం పేరమ్మా ఆ రకానికి?"

"టమాటాకు పేరేందిరా? టమాటా."

పేరు లేదన్నాక ఇక చెప్పుకోవడానికేముంది! ఆయన నా వైపు తిరిగి, వచ్చే సీజనుకు బ్లాక్ క్రిమ్ తెప్పిస్తున్నానని, అది క్రిమియా నుంచి వచ్చిందని మొదలుపెట్టారు. చరిత్ర మొదటి ప్రపంచ యుద్ధం దాకా వచ్చేసరికి నేను చెయ్యి కడుక్కునే వంకతో లేచాను.