ఇన్సూరెన్సు ఉంది కదా బావా!

పరుల కారు నడుపబోవు పెద్దమనుషులెల్లరును పఠించు మంత్రమొకటి కలదు: "ఇన్సూరెన్సు ఉంది కదా బావా, భయమెందుకు?" ఈ మంత్రము చెవినబడినంతనే, పాలసీ కాగితమును డాష్‌బోర్డు అరనుండి ఒక్కనాడైనను వెలికిదీసి చదివి యెరుగని యజమాని, కాదన్నచో ఇల్లాలి కనుబొమలు ముడివడునేమోయని శంకించి, చిరునవ్వుతో తాళపుచెవిని బావమరిదికి సమర్పించుకొనును.

మంత్రమున సత్యము లేకపోలేదు. మన దేశపు మోటారు పాలసీ మనిషిని గాక బండిని అంటిపెట్టుకొని యుండును. నడుపువాడు యజమానియైనను అన్యుడైనను, ప్రమాదసమయమున చెల్లుబాటగు లైసెన్సు గలవాడై, అనర్హుడుగా ప్రకటింపబడనివాడైనచో చాలునని అందే వ్రాసియున్నది. అయితే ఇంతటి ఔదార్యము చూపిన ఆ కాగితమే, కిరాయికిని పందెములకును బండిని వాడరాదనియు, యజమాని యెరిగి సమ్మతించి త్రాగినవానిచేత నడిపించినచో బండి నష్టమునకు పైసా రాదనియు వేరొకచోట సన్నని అక్షరములలో సెలవిచ్చును. తెల్ల నంబరుప్లేటు కారును "పెట్రోలుగాక రోజుకింత" యని తిరుపతి యాత్రికులకు అప్పగించు మిత్రవత్సలులు ఆ పుటను చదువకుండుటయే వారి మనశ్శాంతికి మేలు.

సరే, బావమరిది గేటు స్తంభమును ఆలింగనము చేసికొనెననుకొందము. కంపెనీ ఇచ్చును, కాని ముందుగా తప్పనిసరి కోత క్రింద 1,000 రూపాయలు, 1500 సి.సి. దాటిన కారైనచో 2,000, యజమాని భరింపవలెను. తరుగుదల మినహాయింపును విడిగా కొనియుండనిచో ప్లాస్టిక్కు బంపరు వెలలో సగము అతనిదే. ఐదేండ్లు క్లెయిము చేయక నోరు కట్టుకొని కూడబెట్టిన 50 శాతము నో క్లెయిం బోనసు రెన్యూవలునాటికి సున్నయగును. స్తంభమును గ్రుద్దినవాడు టిఫిను ముగించి వెడలిపోవును.

లైసెన్సే లేనివాడైనచో కథ వేరు. బండి నిచ్చిన యజమానికి 2019 నాటి మోటారు వాహనముల చట్టసవరణ ప్రకారము 5,000 జరిమానా. "మావాడు పదహారేండ్లకే స్టీరింగు పట్టినాడు" అని మురియు తండ్రులకు మూడేండ్లవరకు కారాగారమును, 25,000 జరిమానాయును. గాయపడినవారికి కంపెనీ పరిహారము చెల్లించి, ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనవచ్చును. ఐనను, యజమాని తగిన జాగ్రత్త వహింపలేదని ఋజువుచేయు భారము కంపెనీదేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పియున్నది గనుక, "లైసెన్సు చూపవోయ్" అను ఒక్క మాటయే ఆతనికి రక్షయగును. ఆ మాటయే మన మర్యాదకు గొంతు దిగదు. పెండ్లినాడు వియ్యాలవారి యెదుట వెండిగ్లాసులు లెక్కపెట్టినంత అపరాధముగా తోచును.

అన్నిటికంటె చిత్రమైనది మంత్రము చదివినవాని గతి. పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే గాని ఎరువు తెచ్చుకొన్నవానికి చెందదు. కర్ణాటకమున ఎరువు మోటారుసైకిలుపై పోవుచు ఎడ్లబండిని ఢీకొని మరణించినవాని కుటుంబము పరిహారమడుగగా, అతడు యజమాని స్థానమున నిలిచినవాడే గనుక, తప్పుతో నిమిత్తము లేకుండ పరిహారమిచ్చుచుండిన, ఆ చట్టమునందలి నాటి 163ఎ సెక్షను వారికి వర్తింపదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎరువుల సొమ్ము బరువుల చేటన్న పెద్దలు మోటారును చూచియుండరు, కాని బావమరుదులను చూచియుందురు.

చదువరులారా, ఆ మంత్రము మరల వినబడినచో మొగమాటము విడిచి లైసెన్సు చూపుమనుడు. అలిగినచో మీ ఖర్చుతోనే ఆటో పిలిపింపుడు. బోనసు పోగొట్టుకొనుటకంటె అది చవుక.