బెర్లిన్ నుంచి వచ్చిన సిఫార్సు

కోల్‌కతా సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఐటీ ఆఫీసులు వదిలే వేళకి టీ కొట్ల దగ్గర తెలుగు మాటలు వినపడుతూనే ఉంటాయి.

"అన్నా, లింక్డిన్‌లో రికమెండేషన్‌కి రిక్వెస్ట్ పెట్టా. చూశావా?"

"చూశాన్రా. ఏం రాయమంటావ్?"

"నీకెందుకు శ్రమ, నేనే రాసి వాట్సాప్ చేస్తా. పేస్ట్ చేసెయ్. నీకూ మంచిదొకటి రాస్తాలే."

ఇలా పుట్టిన సిఫార్సుల్లో కష్టపడే మనిషి, నలుగురితో కలిసిపోతాడు, నేర్చుకోవాలన్న తపన ఉంది అన్న ముక్కలే ఉంటాయి. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ కంగారు చిన్నది కాదు, అడగడంలో తప్పూ లేదు. కానీ రాసేవాళ్ళు తాము కళ్ళారా చూసిన పని ఒక్కటైనా చెప్పాలి. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే తెల్లారేలోగా నిలబెట్టాడన్న ఒక్క వాక్యం పది పొగడ్తల పెట్టు.

ఇదే సాల్ట్‌లేక్‌లో ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. 1986లో పెట్టారు. అది ఎవరి పేరున వెలసిందో ఆ భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ కూడా ఒకసారి ఉద్యోగం కోసం సిఫార్సు అడగాల్సి వచ్చింది.

ఆయన 1894లో కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ, ఎమ్మెస్సీ రెండింట్లోనూ ఆయనే ఫస్టు. రెండో స్థానం సహాధ్యాయి మేఘనాద్ సాహాది. 1921లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. వేడి వస్తువుల వికిరణాన్ని లెక్కగట్టే ప్లాంక్ సూత్రాన్ని పూర్తిగా కొత్త దారిలో రాబట్టి, ఆ చిన్న వ్యాసాన్ని 1924 జూన్‌లో ఐన్‌స్టీన్‌కి పంపారు. మీ సాపేక్ష సిద్ధాంత వ్యాసాలు ఇంగ్లీషులోకి తెచ్చుకుంటామని కలకత్తా నుంచి ఎవరో అనుమతి అడిగారు కదా, ఆ అనువాదంలో నా చెయ్యీ ఉందని ఉత్తరంలో గుర్తుచేశారు. తన గురించి మంచిమాట రాసిపెట్టమని అడగలేదు. చదవండి, అచ్చుకి తగిందనిపిస్తే జర్మన్ పత్రికలో వేయించండి అన్నదొక్కటే ఆయన కోరిక.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి 'సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్' పత్రికలో వేయించారు. అడుగున అనువాదకుడి మాటగా, ఇది ముఖ్యమైన ముందడుగని, ఇదే పద్ధతిని వాయువులకి వర్తింపజేసి తాను వేరే చోట వివరిస్తానని రాశారు. మెచ్చుకోవడమంటే అదీ! ఎదుటివాడు చేసిన పనేమిటో చెప్పి, తన తర్వాతి పనికి దాన్నే పునాది చేసుకున్నారు. ఆ పనినే ఇవాళ భౌతికశాస్త్రం బోస్-ఐన్‌స్టీన్ గణాంకం అంటోంది. ఆ లెక్కకి ఒదిగే కణాలకి తర్వాతి కాలంలో పాల్ డిరాక్ బోసాన్లని పేరు పెట్టారు.

ఐన్‌స్టీన్ బోస్‌కి ఒక పోస్టుకార్డు కూడా రాశారు. మీ వ్యాసం నచ్చింది, అచ్చుకి పంపుతున్నానని దాని సారాంశం. విదేశం వెళ్ళి చదువుకోవడానికి సెలవు కావాలని ఎదురుచూస్తున్న బోస్‌కి ఆ కార్డు తలుపులన్నీ తీసింది. విశ్వవిద్యాలయం రెండేళ్ళ సెలవిచ్చి ఖర్చులూ భరించింది. జర్మన్ కాన్సులేటు వాళ్ళు ఫీజు పుచ్చుకోకుండానే వీసా ఇచ్చారు. అడగని పొగడ్త, అదీ పోస్టుకార్డు మీద, అంత పని చేసింది.

పారిస్, బెర్లిన్‌లలో గడిపి 1926లో ఆయన తిరిగొచ్చే నాటికి ఢాకాలో ప్రొఫెసర్ పదవి ఖాళీగా ఉంది. స్నేహితులు దరఖాస్తు పెట్టమని పట్టుబట్టారు. చిక్కల్లా ఒకటే, బోస్‌కి డాక్టరేటు లేదు. అది లేనప్పుడు పెద్దవాళ్ళ సిఫార్సు ఉండాలన్నారు. మొహమాటపడుతూనే ఐన్‌స్టీన్‌ని అడిగారు. ఇంత పని చేసిన మనిషికి వేరే సర్టిఫికెట్ ఎందుకని ఐన్‌స్టీన్ ఆశ్చర్యపోయారని చెబుతారు. అయినా కాదనకుండా రాసిచ్చారు.

ఆ రోజుల్లో భౌతికశాస్త్రంలో అంతకన్నా పెద్ద సంతకం భూమ్మీద లేదు. పైగా ఎవరో రాసిస్తే కింద పెట్టిన సంతకం కాదది. బోస్ పనిని అక్షరం అక్షరం చదివి, సొంత చేత్తో అనువదించిన మనిషి మాట.

ఎంపిక సంఘం దరఖాస్తులన్నీ చూసి వరస తేల్చింది. మొదటి పేరు దేవేంద్రమోహన్ బోస్. జగదీశ్ చంద్ర బోస్ మేనల్లుడు, కలకత్తా సైన్స్ కాలేజీ ప్రొఫెసర్, సమర్థుడైన శాస్త్రవేత్త. ఆయనకి బెర్లిన్ డాక్టరేటు ఉంది.

ఐన్‌స్టీన్ సిఫార్సు ఉన్న పేరు రెండోది.

సత్యేంద్రనాథ్ బోస్ ఢాకాలో ప్రొఫెసర్ అయితే అయ్యారు. దేవేంద్రమోహన్ ఆ ఉద్యోగం తనకి వద్దన్నారు మరి!