ఆరు పట్టీల కారు

2024 సంక్రాంతికి కౌతాళం వచ్చిన బండ్లలో అంత పొట్టిది ఇంకోటి లేదు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా వీధి కుర్రాడు తోలుకొచ్చాడు దాన్ని. గోవాలో ఒకప్పుడు తయారైన సాన్ స్టార్మ్. రెండే తలుపులు, రెండే సీట్లు, పైనంతా ఫైబరు తొడుగు. ఊళ్లోకి వస్తూనే స్పీడు బ్రేకరు మీద పొట్ట ఆనించుకుని కూర్చుంటే నలుగురు పిల్లలు ఎత్తి అవతల పెట్టారు. వాళ్ళవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇంత దుడ్డు పోసి సగం కారు కొన్నావేంరా?" అంది.

కుర్రాడికి రేసుల పిచ్చి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్లతో ఫార్ములా ఈ పందెం జరిగితే టికెట్టు కొనుక్కుని పోయి చూసొచ్చాడు. అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, చెన్నైకి ఇవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద తేలుతాడు. పందెంలో దిగేవాడికి మామూలు సీటు బెల్టు పనికిరాదు. భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, తొడల మధ్యనుంచి రెండు, మొత్తం ఆరు పట్టీలు పొట్ట దగ్గర ఒక్క బకిల్‌లో కలుసుకోవాలి. దాన్నే హార్నెస్ అంటారు. మందు సీసాకున్నట్టే దానికీ గడువుంటుంది. వాడి కారులో ఉన్న ఎర్ర పట్టీల మీద కుట్టిన చీటీలో 2023 తర్వాత చెల్లదని రాసుంది. చీటీ చూసి అధికారులు వెనక్కి పంపేస్తారట. కొత్త జత కొన్నాడు గానీ, బెంగళూరులో బిగించడానికి అడిగిన కూలి విని, దాన్ని డిక్కీలో వేసుకుని పండక్కి వచ్చేశాడు.

ఆదోని రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డుంది. కనుమ మరునాడు నా స్కూటరు చైను వేయించుకుందామని పోతే అక్కడ తిరునాళ్ళలా ఉంది. పొట్టి కారు సీట్లు ఊడదీసి బండ మీద పెట్టారు. బయట సుగ్గికి, అంటే కోతల కూలికి, మనుషుల్ని తీసుకుపోయే పికప్ బండి ఒకటి ఆగి ఉంది, వెనక టైరు పంచరు. మేస్త్రీ దానిమీదికి పనిపిల్లవాణ్ణి పంపించి, తను మాత్రం కారును వదలడం లేదు. మా పడమటి పల్లెల్లో ఇట్లాంటి పని చేతికి ఎన్నాళ్ళకు దొరకాలి!

మేస్త్రీ డ్రిల్లు పట్టుకుని నేల మీద గురి పెట్టాడు.

"మామా, అక్కడ కాదు," కుర్రాడు అడ్డం పడ్డాడు. "అది ఉత్త ఫైబరు. గుద్దుకున్నప్పుడు బోల్టు పెంకుతో సహా ఊడి వస్తాది. ఛాసీ ఉక్కుకు పడాల. వెనక మూడు మిల్లీమీటర్ల మందం ప్లేటు, నలభై చదరపు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా ఉండాల."

మేస్త్రీ లోపలికి పోయి ఐదు మిల్లీమీటర్ల రేకు కోసుకొచ్చాడు. "మూడంటే ఐదు వేసేదే మన లెక్క."

తర్వాత అరపూట నడిచిన పని చూడ్డానికి బాగుంది. భుజం పట్టీలు సీటు వెనకున్న అడ్డకడ్డీకి పోవాలి, అదీ దాదాపు అడ్డంగా. నేరుగా నేలకు దించి కట్టేస్తే గుద్దుకున్న క్షణంలో అవి మనిషిని పైనుంచి కిందికి నొక్కుతాయి, వెన్నెముక చితికిపోతుంది. నడుము పట్టీ పొట్ట మీద ఉండకూడదు, తుంటి ఎముక మీదే ఉండాలి. పట్టీ కొసను మూడు కడ్డీల బిళ్ళలోంచి దూర్చి, తిప్పి, మళ్ళీ అదే బిళ్ళలోకి వెనక్కి దూర్చాలి. ఆ రెండో మెలిక మానేస్తే చేత్తో లాగినప్పుడు గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడగానే జారిపోతుంది. మేస్త్రీ మొదటిసారి ఆ మెలిక వేయలేదు. కుర్రాడు ఏమీ అనకుండా విప్పి, నెమ్మదిగా వేసి చూపించాడు. మిగతా అన్నింటికీ మేస్త్రీయే వేశాడు, ప్రతి మెలికా రెండుసార్లు లాగి చూస్తూ. పనివాడంటే అట్లా ఉండాలి.

తొడల మధ్య పట్టీల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీకి నవ్వొచ్చింది. "ఇవి ఏంటికప్పా? కూర్చుంటే ఇబ్బంది కదా?"

"ఇబ్బందనే ఒకాయన వేసుకోలేదు మామా," అన్నాడు కుర్రాడు. 1970లో యోహెన్ రింట్ అని పెద్ద రేసర్. కారు అంటుకుంటే చప్పున దూకెయ్యడానికి అడ్డమని ఆ పట్టీలు పెట్టుకునేవాడు కాదు. సెప్టెంబరు 5న ఇటలీలో మోంజా ట్రాకు మీద ప్రాక్టీసు చేస్తుంటే బ్రేకు షాఫ్టు విరిగి కారు పోయి కంచెను గుద్దింది. కింద పట్టుకునే పట్టీ లేదు కాబట్టి మనిషి ముందుకు జారిపోయాడు, బకిల్ గొంతుకు తగిలింది. ఆ ఏడాది అతని పాయింట్లను ఎవరూ దాటలేకపోయారు. చనిపోయాక ప్రపంచ ఛాంపియన్ అయినవాడు ఫార్ములా వన్‌లో ఈనాటికీ అతనొక్కడే.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. పంచరు వేయించుకుంటున్న పికప్ డ్రైవరు కూడా వచ్చి నిలబడ్డాడు.

"అయినా," అన్నాడు మేస్త్రీ కాసేపాగి, "స్టీరింగు గట్టిగా పట్టుకుంటే ఆగడా మనిషి?"

కుర్రాడికి కావలసింది ఆ ప్రశ్నే. ఆదోని పత్తి మార్కెట్టు భాషలోకి దిగిపోయాడు. "ఇప్పుడు చూడు మామా. అరవై కిలోల మనిషి. బండి యాభైలో పోతాంది, అంతే, ఎక్కువ కూడా కాదు. దేనికో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకో. ఆ క్షణానికి ఆ మనిషిని పట్టి ఆపాలంటే ఎనిమిది క్వింటాళ్ళ పైన బలం కావాల. ఎనిమిది క్వింటాళ్ళు చేత్తో పట్టుకునే మొనగాడు మన తాలూకాలో ఉన్నాడా?"

మేస్త్రీ తన చేతుల వంక చూసుకున్నాడు. బండలాగుడు పోటీలకు ఎద్దులను తోలిన చేతులవి. లేడన్నట్టు తలూపాడు. డ్రైవరు కూడా ఊపాడు.

ఆ లెక్క నిజమే. అట్లా మనిషిని పట్టి ఆపడానికే 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టే బెల్టు కనిపెడితే, పేటెంటు ఉన్నా ఎవరైనా వాడుకోండని కంపెనీ లోకానికి వదిలేసింది. మనం ఏం చేశామంటే, బెల్టు పెట్టుకోకపోతే కారు అరిచే అరుపును నోరు మూయించడానికి ఉత్త క్లిప్పులు తయారుచేసి ఆన్‌లైన్లో అమ్ముకున్నాం. 2023లో కేంద్ర వినియోగదారుల సంస్థ కన్నెర్ర చేసి అమ్మకాలు ఆపించింది. మేస్త్రీ తాళాలగుత్తికి అట్లాంటిదొకటి వేలాడుతూనే ఉంది. సోడా మూత తీయడానికి బాగుంటుందట.

పొద్దు వాలే వేళకు పనైపోయింది. కుర్రాడు కొత్త పట్టీల్లో కూర్చుని బిగించుకుంటే ఊపిరి పీల్చడానికి తప్ప దేనికీ కదలలేకపోయాడు. వాడి మొహంలో సంతోషం చూడాలి! మేస్త్రీ కూలి తీసుకోనన్నాడు, తర్వాత తీసుకున్నాడు.

ఊడదీసిన ఎర్ర పట్టీలు బండ మీద కుప్పగా పడున్నాయి. కుర్రాడు వాటిని దగ్గరికి లాక్కుని జేబులోంచి కత్తి తీశాడు.

"అయ్యో, కొయ్యొద్దన్నా!" డ్రైవరు పరుగున వచ్చాడు. "గట్టిగుండాయి కదా, నాకియ్యి."

"లేదు తమ్ముడూ. వీటికి గడువైపోయింది. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ ఎండకు లోపల పోగు చచ్చిపోయుంటాది. ఇట్లే పారేస్తే ఎవరన్నా తీసుకుని నమ్మి వేసుకుంటారు. అందుకే ముక్కలు చేసేది. వీటిని నమ్మి మనిషి ప్రాణం పెట్టకూడదు."

"మనుషులకు కాదన్నా," డ్రైవరు నవ్వాడు. "సామానుకు. గుంటూరు దాకా రాత్రంతా పోవాల. పోయినసారి తాడు తెగి రెండు బియ్యం మూటలు రోడ్డు మీద పడిపోయినాయి. ఎంత తిట్లు తిన్నానో."

కుర్రాడు తలెత్తి బయటికి చూశాడు. టైరు ఎక్కించేశారు. మిరప కోతలకు పోయేవాళ్ళు మళ్ళీ బండెక్కుతున్నారు. మూటలు, స్టవ్వు, బిందెలు, వాటి మీద ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఒక పిల్ల బడిసంచీ కూడా భుజానికి తగిలించుకుంది. చోటు చాలక మగవాళ్ళు వెనక తలుపు దించి దాని మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. ముప్పై మంది దాకా ఉంటారు.

"మరి వీళ్ళకు?" అన్నాడు కుర్రాడు.

డ్రైవరుకు ప్రశ్న అర్థం కాలేదు. బండి వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు.

"వీళ్ళకేంటికన్నా? చేతులుండాయి కదా, పట్టుకుంటారు."