పతీహితబోధిని

మా కూరగాయల బజారు ముందు నేను కారు ఆపబోతే చాలు, ఎక్కడినుంచో ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతారు. చెయ్యి అభయహస్తంలా పైకి లేస్తుంది. "రానీ... రానీ... ఇంకాస్త ఎడమకి కొయ్యమ్మా... చాలు చాలు!" పద్దెనిమిదేళ్లుగా బండి నడుపుతున్నాను. కారుకి గీతలు పడింది రెండేసార్లు, రెండూ ఆయన చెయ్యి చూసి నడిపినప్పుడే. పక్కనే ఒక కుర్రాడు జీపు చక్రాన్ని మురిక్కాలవలోకి దింపేస్తున్నా ఆయన అటు తిరగరు. మగపిల్లాడు, వాడే నేర్చుకుంటాడు.

ఈ మాట పైకి అన్నామా, సభ మొదలు. "మంచి చెప్పినా తప్పేనా? మీమీద అభిమానం కొద్దీ కదా చెప్పేది!" నిజమే, మనసు మంచిదే. మా చిన్నాన్నగారి మనసు మరీ వెన్న. బ్యాంకులో పదేళ్లు అప్పుల విభాగం చూసిన నాకు, ఈఎంఐ అంటే ఏమిటో పెసరట్టు చల్లారిపోయేదాకా విడమరిచారు. చివర్న "అర్థమైందా తల్లీ?" అన్నారు. అర్థమైంది.

కందుకూరి వీరేశలింగం 1883లో ఆడవాళ్ల కోసం ఒక పత్రిక పెట్టి 'సతీహితబోధిని' అని పేరు పెట్టారు. ఆడపిల్ల చేతికి పలక ఇస్తే కొంప మునుగుతుందనుకునే రోజులవి. పంతులుగారికి వంక పెట్టేంత కృతఘ్నురాలిని కాను. కానీ పత్రిక ఆగిపోయి ఏ కాలమో అయినా, దాని సంపాదకవర్గం మాత్రం లిఫ్టుల్లో, పెళ్లి పందిళ్లలో, పెట్రోలు బంకుల్లో ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది.

'పతీహితబోధిని'ని మాత్రం ఎవరూ తేలేదు. ఆ పేరుతో తేలేదు, అంతే. 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాశారు: దొంగసొమ్ముకి ఆశపడ్డ మొగుడికి భార్య నచ్చజెప్పే కథ. 1910లో గురజాడ 'దిద్దుబాటు'లో, సానిపాట మరిగి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే గోపాలరావుని కమలిని దారిలో పెట్టింది. తొలి తెలుగు కథ ఏదన్న తగువు సాహిత్యకారులకి ఇంకా తీరలేదు. ఈ రెండింట్లో ఏది నెగ్గినా, మన కథ కళ్లు తెరిచిందే మొగుడికి బుద్ధి చెబుతూ. అయితే ఆ ఇద్దరమ్మలకీ చెప్పడానికి ఒక కారణం ఉంది. ఒకావిడ ఎదుట దొంగసొమ్ము, ఇంకొకావిడ ఎదుట వేళకి ఇంటికి రాని మొగుడు. బజారు పెద్దమనిషి ఎదుట ఏముంది? స్టీరింగు వెనకాల ఒక చున్నీ.

కాబట్టి ఆ పత్రికేదో నేనే తేవాలనుకుంటున్నాను. మొదటి సంచికలో కొన్ని శీర్షికలు: "నాయనా, చీకటి పడ్డాక బయటికెందుకు? నువ్వు మంచివాడివే, రోజులు బాగోలేవు." "పిల్లలు పుట్టాక ఉద్యోగం ఎలా సర్దుకుంటావు బాబూ?" "మీటింగులో అంత గట్టిగా మాట్లాడకు, మగాడివి, కాస్త నవ్వుతూ చెబితే కళగా ఉంటుంది." చందా ఉచితం. అడక్కపోయినా పంపుతాం.

అన్నట్టు, బండి మీద పోతుంటే వెనకనుంచి "సైడ్ స్టాండ్!" అని అరిచేవాళ్లంటే నాకు ప్రాణం. ఆడా మగా చూడకుండా అరుస్తారు. మొన్న బజారు దగ్గర మన పెద్దమనిషి తన పాత స్కూటరెక్కి బయల్దేరారు, స్టాండు తియ్యకుండానే.

"బాబాయిగారూ, స్టాండు!" అని కేకేశాను.

"నాకు తెలుసులేమ్మా," అంటూ అలాగే మలుపు తిరిగారు.