నాకఫురానో నూనె బట్టీని

నేను లావెండర్ పూల నుంచి నూనె తీసే బట్టీని. జపాన్ ఉత్తరాన హొక్కయిదో దీవిలో, నాకఫురానో అనే చిన్న ఊళ్ళో ఒక రైతింటి పాకలో ఉంటాను. తూర్పున తొకాచి కొండలు. చలికాలంలో ఇక్కడ మైనస్ ఇరవై దాటి చలి పడుతుంది. అయినా మొక్కలు చావవు, మంచే వాటిని దుప్పటిలా కప్పి కాపాడుతుంది.

ఈ మొక్క ఇక్కడిది కాదు. 1937లో ఒక జపాన్ అత్తరు కంపెనీ ఫ్రాన్స్ నుంచి విత్తనాలు తెప్పించి, దేశంలో పలుచోట్ల వేసి చూస్తే ఈ దీవి నేల, చల్లదనం దానికి సరిపడ్డాయి. అప్పట్లో పూలు చూడ్డానికి కాదు, నాకోసమే పూసేవి. కోసిన కొమ్మలను నా కడుపులో కాళ్ళతో తొక్కి కూరి, మూత బిగించి, అడుగు నుంచి ఆవిరి పంపేవారు. పూలలోని నూనె ఆ ఆవిరితో కలిసి పైకి లేచి గొట్టంలోకి పోయేది. గొట్టం చుట్టూ చన్నీళ్ళు. చల్లబడి చుక్కలుగా దిగాక, నీళ్ళ మీద నూనె పలచగా తేలేది. వంద కిలోల కొమ్మలు మింగినా నేను కక్కేది కిలోకి అటూ ఇటూగా. ఆ కాస్త నూనే ఇంటిల్లిపాదికీ ఏడాది కూడు. 1970 నాటికి ఫురానో ప్రాంతంలో రెండు వందలకు పైగా ఇళ్ళలో ఈ పంటే.

తర్వాత కృత్రిమ పరిమళాలు వచ్చాయి, విదేశీ నూనె చవకగా దిగింది. మా నూనె కొనేవాళ్ళు మొహం చాటేశారు. చుట్టుపక్కల పొలాలు దాదాపు అన్నీ దున్నేశారు. మా ఇంట్లోనూ రోజూ అదే మాట.

"ఈ ఒక్క ఏడాదీ ఉంచుదామండీ" అనేది ఇల్లాలు. ఇంటాయన జవాబు చెప్పేవాడు కాదు, దున్నేవాడూ కాదు. నాకు తుప్పు పట్టసాగింది.

మా రాత మార్చింది ఒక ఫోటో. మా ఊరి రైతు తోమితా తాదావొ కూడా తన తోటను దున్నకుండా ఉంచాడు. ఆ తోట బొమ్మ 1976లో జపాన్ జాతీయ రైల్వే క్యాలెండర్‌లో పడింది. దాన్ని చూసి కెమెరాలు పట్టుకుని జనం ఈ మారుమూలకు రావడం మొదలైంది. ఊదారంగు జూలైలోనే కదా, మిగతా రోజుల కోసం రైతులు గసగసాల పూలు, సాల్వియా, పొద్దుతిరుగుడు కూడా వేశారు. 1999లో, వేసవిలో మాత్రమే రైలు ఆగే స్టేషన్ ఒకటి పొలాల పక్కనే వెలిసింది.

నూనెకూ మంచి రోజులొచ్చాయి. 1990లో తోమితా వాళ్ళ నూనెకు ఫ్రాన్స్‌లో మొదటి బహుమతి వచ్చింది. విత్తనమిచ్చిన దేశమే మెచ్చిందంటే, ఆ గెలుపు ఈ ఊరి బట్టీలన్నిటిదీ!

ఇప్పుడు కోతకు ముందు, పూలు చూడ్డానికి వచ్చే జనం సంగతీ చూడాలి. కానీ నన్నడిగితే పువ్వు ముదరకముందే కోయాలి, ఆలస్యమైతే నూనె తగ్గుతుంది. అందుకే మా వాళ్ళు అందరూ చూస్తుండగానే ఒక మడి కోసేస్తారు. "అయ్యో, అప్పుడేనా!" అనేవాళ్ళను పాకలోకి పిలిచి, గొట్టం కింద సీసా పెట్టి, అప్పుడే దిగిన నూనె చుక్కను మణికట్టు మీద రాస్తారు.