సైబీరియా కాదురా, మన చింతచెట్టే

విశాఖపట్నంలో చెట్టు కింద కూచోబెట్టి డబ్బు పుచ్చుకుంటున్నారట. మా చుట్టాలబ్బాయి ఒకడు ఆదివారం పూట వెళ్లి, చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, ఆకుల చప్పుడు విని వచ్చాడు. జపాన్ అటవీశాఖ వాళ్లు 1982లోనే దీనికి షిన్రిన్ యోకు అని పేరు పెట్టారని నాకు పాఠం కూడా చెప్పాడు. "ఏటి ఇన్నావురా?" అనడిగాను. "చాలా ప్రశాంతంగా ఉంది తాతా" అన్నాడు. అది ఏ చెట్టో తెలీదు. గాలి ఎటునుంచి వీచిందో తెలీదు. అయినా ప్రశాంతంగా ఉందట.

మా రోజుల్లో చెట్టు కింద కూచున్నవాడు పశువులు కాసేవాడు. ప్రశాంతంగా ఉంటే ఆవు ఎవరి చేలోనో పడేది, వీపు మీద దెబ్బ పడేది. సాయంత్రం ఇంటికొస్తే, కాళ్లు కడుక్కోకముందే మా అయ్య అడిగేవాడు: "ఏటి సూసొచ్చావు?" ఏటీ లేదంటే ఒప్పుకునేవాడు కాదు. చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయా? తూనీగలు ఎంత ఎత్తున తిరుగుతున్నాయి? గెడ్డలో నీరు ఏ రంగున ఉంది? ఆ నీటి రంగు దగ్గర మాత్రం కచ్చితంగా ఉండేవాడు. మా వంశధార, నాగావళి నదులు రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే. ఇక్కడ ఎండ మండిపోతున్నా, పైన వాన పడితే మనకు ముందు తెలిసేది నీరు ఎర్రబడటంతోనే. అలా చూసి చూసి పెరిగినవాడు ఒకరోజు ఒడ్డున ఆగిపోతాడు. ఎందుకురా అంటే, "ఏమో, దాటబుద్ధి కాలేదు" అంటాడు. గడియ తిరక్కుండా వరద వస్తుంది. ఊళ్లో వాళ్లు వాడికి ముందే తెలిసిపోయిందంటారు. తెలిసిందే మరి, కళ్లకు తెలిసింది. నోటికింకా అందలేదంతే.

ఇప్పుడు చూడ్డం మానేసి చదువుతున్నారు. చదివిందైనా సరిగ్గా ఉంటుందా అంటే, అదీ లేదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. ఏటా తొలకరికి నత్తగుల్ల కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. టెక్కలి పక్కన తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి, నౌపడ మడుగుల్లో మేస్తాయి. వీటి గురించి ఎవరు రాసినా మొదటి ముక్క ఒకటే: సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు! మా మనవడూ బళ్లో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాడు.

ఒరే నాయనా, సైబీరియా పక్షి చలికి జడిసి వస్తుంది. మరి ఈ నత్తగుల్ల కొంగ తొలకరికొస్తోంది కదా, జూన్‌లో సైబీరియాలో చలేటి? అక్కడి బాతులు గుడ్లు పెట్టుకునేది అక్కడే. ఇక్కడికి చలికాలంలో తిండికొచ్చి, ఎండలు ముదరకముందే పోతాయి. మన చెట్టు మీద గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉండే పక్షికి ఇది పుట్టిల్లు. అతిథి ఎలా అవుతుంది? ఆ ముక్కు చూడు. మూసినా మధ్యలో సందుంటుంది. నత్తలు తినే ముక్కది. మన మడుల్లో నీరు నిండితే నత్తలు బయటికొస్తాయి, పిల్లలకు మేత దొరుకుతుంది, అందుకని వానకొస్తుంది. నత్తగుల్ల కొంగ, గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షులే. ఈ సంగతికి పుస్తకం కూడా అక్కర్లేదు, ఒక వానాకాలం తలెత్తి చూస్తే చాలు. కొంగలొస్తే వానలొస్తాయని తేలుకుంచి వాళ్ల నమ్మకం. ఒక్క పిట్ట మీద చెయ్యి వేయనివ్వరు. మూఢనమ్మకమని నవ్వేవాళ్లు సైబీరియా మాట దగ్గర మాత్రం నవ్వరు, ఎందుకో.

అదే మనవడి ఫోన్‌లో ఒక యాప్ ఉంది. చెట్టు వైపు పెడితే కూత విని పిట్ట పేరు చెబుతుంది. బాగానే ఉంది, కాదనను. మొన్న పెరట్లో గోరింకలు గుంపుగా చేరి, నేలకేసి మెడలు వంచి ఒకటే గోల. పక్కన ఉడత తోక ఝాడిస్తూ అరుపు. వీడు ఫోన్ ఎత్తి, "గోరింక తాతా!" అన్నాడు. "గోరింకని నాకూ తెలుసురా గుంటడా. ఎందుకరస్తందో అడుగు దాన్ని" అన్నాను. ఫోన్ పలకలేదు. కట్టెల మోపు దగ్గరికి వెళ్లబోతున్న కోడల్ని ఆగమన్నాను. కాసేపటికి మోపు కిందనుంచి పాము బయటికొచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో నాకేదో మహిమ ఉందని చెప్పుకుంటున్నారు. మహిమా లేదు, మట్టీ లేదు. గోరింక ఉత్తి వాగుడు ఏళ్ల తరబడి విన్నవాడికి, అది జడిసి అరిస్తే చెవి ఇట్టే పట్టేస్తుంది. బుర్ర లెక్క కట్టేలోపే కాలు ఆగిపోతుంది.

సముద్రం దగ్గరా ఇంతే. బారువలోనూ భావనపాడులోనూ ముసలి వేటగాళ్లు, గాలి లేకుండా కెరటం పెద్దదైతే తెప్ప దించేవారు కాదు. దూరాన పుట్టిన తుఫాను ఇంకా అక్కడే ఉండగా, దాని కెరటం ముందు ఒడ్డుకొస్తుంది. చిత్త కార్తె వస్తోందంటే మరీ జాగ్రత్త. అక్టోబరు పదో తేదీ అటూఇటుగా వస్తుందది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున. మూడు తుఫాన్లూ చిత్తలోనే. అయితే ఒకటి. ఇప్పుడు ఉపగ్రహం చూసి రోజుల ముందే చెబుతున్నారు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. కెరటం చూసి మేం చెప్పగలిగింది ఒక పూట ముందు, మహా అయితే ఒక రోజు. ఈ విషయంలో మా రోజుల్ని నేను వెనకేసుకురాను.

కానీ తిత్లీ దాటాక మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలన్నీ నేలకొరిగి, రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అప్పుడు కుర్రాళ్లు ఒక్కొక్కరే మా అరుగు దగ్గరికొచ్చారు. "మళ్లీ వానొస్తాదా తాతా? ఈ వేళ రేకులు కప్పుకోవచ్చా?" గాలి ఎటు తిరిగిందో, మబ్బు ఎటు పోతోందో చూసి చెప్పాను. ఆ నాలుగు రోజులూ నేనే వాతావరణ శాఖ. సిగ్నల్ వచ్చింది, అరుగు ఖాళీ అయింది.

వచ్చే తొలకరికి మనవణ్ణి తేలుకుంచి తీసుకెళ్తానన్నాను. ఒక పూట చింతచెట్ల కింద నిలబడి, ఏం చూశాడో వచ్చి వాళ్లమ్మకు చెప్పాలి, అంతే షరతు. కోడలు సరేనంది. తర్వాత కాస్త నసిగి, "అక్కడ సిగ్నల్ ఉంటాదా మావయ్యా?" అంది.