శాలువాలు సరే, పుస్తకాల సంగతేంటి సార్?

విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి గారికి ఒక పరిశోధక విద్యార్థిని నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: గ్రంథాలయ వార్తలు, కార్యక్రమాలకు అభినందనలు తెలుపుట గురించి.
సూచిక: మెయిన్ గేటుకు కట్టిన ఫ్లెక్సీ.

అయ్యా,

మన గ్రంథాలయం పేపర్లో పడని నెల లేదు. ఆగస్టు 12న రంగనాథన్ గారి ఫొటోకు దండ, నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు, మధ్యలో వర్క్‌షాపులు, వ్యాసరచన పోటీలు. ప్రతిదానికీ జ్యోతి ప్రజ్వలన, వచ్చిన ప్రతి అతిథికీ శాలువా, మర్నాడు జిల్లా ఎడిషన్లో వార్త. పోయిన వారోత్సవాల్లో పుస్తక పఠనం ఆవశ్యకత మీద సభ పెట్టి, అందుకోసం రీడింగ్ హాలు ఖాళీ చేయించారు. చదువుకుంటున్నవాళ్లను లేపి, చదవడం ఎంత అవసరమో మైకులో చెప్పించడం తమకే చెల్లింది.

తమరు ఏటా దండ వేసే ఆ రంగనాథన్ గారు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో అచ్చయిన పుస్తకంలో అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది వాడుకోవడానికి అన్నది మొదటిది. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగోది. పాఠకుణ్ణి నేరుగా ర్యాకుల మధ్యకు వెళ్లనివ్వాలని కూడా ఆయన వాదించారు. తమరు ఆ సూత్రాలన్నిటినీ చక్కగా లామినేషన్ చేయించి స్టాక్ రూమ్ తలుపుకు అంటించారు. తలుపుకు తాళం వేశారు.

ఆ తలుపు ముందు జరిగే కార్యక్రమం ఏ ఫ్లెక్సీలోనూ లేదు కాబట్టి మనవి చేస్తాను. కాల్ నంబరు, రచయిత పేరు చీటీ మీద రాసిస్తే అటెండరు లోపలికి వెళ్తాడు. కాసేపటికి ఉత్త చేతులతో వస్తాడు. “ఓపాక్‌లో ఉంది కదన్నా” అంటే, “కంప్యూటర్లో ఉంటుందమ్మా, ర్యాకులోనే ఉండదు” అంటాడు. అతన్ని అనడానికేం లేదు. రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లను వేయలేదు, అంతస్తులన్నీ అతనొక్కడే తిరగాలి. ఒకసారి బతిమాలి మళ్లీ పంపితే పుస్తకం దొరికింది. తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో 894.827 అని నంబరు ఉంది, వీపు మీదా అదే రాసి ఉంది. ఉన్నది మాత్రం భూగోళశాస్త్రం ర్యాకులో. వెనక అట్టకు అంటించిన గడువు చీటీ మీద తేదీ ముద్ర ఒక్కటీ పడలేదు. లోపల కొన్ని ఆకుల అంచులు కోయనే లేదు. కొన్న నాటి నుంచి పాఠకుల చెయ్యి తగలకుండా కాపాడిన తమ సంరక్షణకు జోహార్లు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు అన్న మూడో సూత్రం ఆ పూట నెరవేరింది. ఫొటోగ్రాఫర్ లేడు.

రీడింగ్ హాలు కిటకిటలాడుతోందని తనిఖీకి వచ్చిన నాక్ బృందానికి చూపించారు. అబద్ధం కాదు. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ తయారయ్యేవాళ్లు పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ ఆపుకుంటారు, కోచింగ్ సెంటర్ మెటీరియల్ చదువుకుంటారు. వాళ్లకు కావలసింది ఫ్యాను, ప్లగ్ పాయింటు, కాస్త నిశ్శబ్దం. ఇరుకు గదుల్లో ఉండే పిల్లలు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ హాలుకీ గోడ అవతలి పుస్తకాలకీ ఇంతవరకూ పెళ్లిచూపులైనా కాలేదు.

అసలైన వార్త వచ్చినప్పుడు మాత్రం తమరు మొహమాటపడ్డారు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఆ పని చూస్తోంది. మన దగ్గర దాని మీద అవగాహన సదస్సు జరిగింది. సమోసాలు బాగున్నాయి. లాగిన్ ఎలా కావాలో చెప్పే కాగితం నోటీసు బోర్డు మీదకు రాలేదు, సదస్సు ఫొటో వచ్చింది. మావాళ్లు ఇంకా టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌ల కోసం అడుక్కుంటున్నారు.

సభలు వద్దని కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకట రమణయ్య గారు జీవితమంతా ఆ ఉద్యమానికే ఇచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పల్లెలకు చేర్చారు. వాళ్లూ సభలు పెట్టారు, సభ అయ్యాక పుస్తకం ఊళ్లోకి కదిలింది. ఆనాడు కాలువలు దాటిన పుస్తకం ఈనాడు మన వరండా దాటలేకపోతోంది.

కాబట్టి తమకు విన్నపం. ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం పెట్టించండి. ఈ వారం కొత్తగా వచ్చిన పుస్తకాలు ఇవి, బైండింగుకు పోయినవి ఇవి, వెతికినా దొరకనివి ఇవి, జర్నళ్లలోకి వెళ్లే దారి ఇది. అంతే. ఖాళీ పోస్టులు నింపమని వైస్ ఛాన్సలర్ గారికి తమరు రాస్తే, కింద సంతకాలు పెట్టడానికి మేమున్నాం. వచ్చే నవంబరులో ముఖ్య అతిథిని పిలవకండి. ఆ వారం రోజులూ స్టాక్ రూమ్ తాళం తీసి ఉంచండి, దుమ్ము దులపడానికి మేమే వస్తాం.

ఇట్లు,
తమ విధేయురాలు,
నో డ్యూస్ సర్టిఫికెట్ ఇంకా తమ చేతిలోనే ఉన్న ఒక పరిశోధక విద్యార్థిని